ప్రేగు అతుకు – దాని కాపుదల
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పండుగపూట ప్రేగుల కోత గురించి మాట్లాడుట ఏమని కొందరికి తోచవచ్చును. కాని ప్రేగులో పుండనో, అడ్డంకి అనో, క్షయ అనో, క్యాన్సరు అనో ఆస్పత్రి మెట్లెక్కిన కుటుంబములు ఈ సభలోనే కొన్ని ఉన్నవి. ఆపరేషను బల్లమీద మేము చేయు పని సగము మాత్రమే. తక్కిన సగము రోగి చేతిలోను, ఇంటివారి చేతిలోను ఉన్నది. ఆ సగమును మీకు అప్పగించుటకే ఈ నాలుగు మాటలు.

చెడిన ప్రేగుముక్కను కోసి తీసిన తరువాత మిగిలిన రెండు కొసలను కలుపవలెను. ఆ అతుకు నిలిచినచో రోగి నడిచి ఇంటికి పోవును. అది వదలినచో ప్రేగులోని మలినము కడుపులోనికి కారి, చీము పట్టి, ప్రాణముమీదికి వచ్చును. మలాశయములో బాగా దిగువను వేసిన అతుకులు నూటికి 5 మొదలు 15 వరకు కారుచున్నవి. చిన్న ప్రేగు అతుకులలో ఈ బెడద చాల తక్కువ.

ఈ భయము నేటిది కాదు. తెగిన ప్రేగు అంచులను దగ్గరకు చేర్చి, నల్ల చీమలచేత కరిపించి, తలలను అట్లే ఉంచి మొండెములను తుంచివేయవలెనని సుశ్రుత సంహిత చెప్పినది. 1826లో ఫ్రాన్సు దేశపు లాంబేర్ అను వైద్యుడు ప్రేగు అంచులను లోనికి మడచి, వెలుపలి పొరకు వెలుపలి పొర తాకునట్లు కుట్టవలెనని చూపినాడు. 1887లో అమెరికాలో హాల్‌స్టెడ్ కుక్కలపై పరిశోధించి, ప్రేగు గోడలో బలమంతయు లోపలి జిగురుపొరకు అడుగున నున్న పొరలోనే కలదనియు, సూది దానిని పట్టనిదే కుట్టు నిలువదనియు తేల్చినాడు. 1892లో షికాగోలో మర్ఫీ రెండు లోహపు బిళ్లలను ఒకదానిలో నొకటి నొక్కి ప్రేగును కలిపినాడు. అతుకు మానిన పిమ్మట ఆ గుండీ మలముతో పడిపోయెడిది.

షోలాపూరు, భీవండీ మగ్గములయొద్ద బ్రతికిన మనవారికి తెగిన పోగును ముడివేయుట పుట్టువిద్య. ముడి వదులైన జారును, మితిమీరి లాగిన పోగు తెగును. ప్రేగుకు ఇంకొక చిక్కు కూడ కలదు. పోగు ప్రాణము లేనిది, ప్రేగు ప్రాణము కలది. నెత్తురు అందినగాని అది మానదు. కుట్టు మరీ బిగిసినచో ఆ కుట్టే నెత్తురుకు ఉరియగును.

కనుక మేము మొదట చూచునది కోసిన అంచునుండి ఎఱ్ఱని నెత్తురు చిమ్ముచున్నదా అని. రెండవది, రెండు కొసలు లాగుడు లేకుండ ఒకదానినొకటి చేరుచున్నవా అని. చేరనిచో ఎడమ ప్రక్కటెముకల క్రింద, ప్లీహము దగ్గర మలుపు తిరిగిన పెద్దప్రేగును దాని పట్టునుండి విడిపించి క్రిందికి దింపుదుము. ఇందుకు గంటసేపు ఎక్కువ పట్టినను విసుగుకొనరాదు.

చేతికుట్టు మేలా, యంత్రపు కుట్టు మేలా అని పలువురు అడుగుదురు. 1908లో బుడాపెస్టులో హుల్ట్ల్ అను వైద్యుడు మొదటి కుట్టుయంత్రమును వాడినాడు. తరువాత సోవియట్ వైద్యులు దానిని మెరుగుపరచిరి. 1958లో అచ్చటికి పోయిన అమెరికను వైద్యుడు రావిచ్ ఆ విద్యను తన దేశమునకు కొనిపోయినాడు. నేటి గుండ్రని స్టేప్లరు రెండు వరుసల పిన్నులు వేసి, నడుమ కండను తానే కోయును. అప్పుడు మన గారెల ఆకారమున రెండు వలయములు యంత్రములో మిగులును. అవి రెండును ఎచ్చటను తెగక పూర్తిగా ఉన్నవో లేవో మేము పరీక్షింతుము. మలాశయపు అతుకు విషయమున చేతికుట్టుకును యంత్రమునకును కారుటలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. అందుచేత యంత్రమున్న ఆస్పత్రియే గొప్పదని భ్రమపడవద్దు.

సైకిలు ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగలు చూచుట మీరెరిగినదే. మేమును కటిభాగమును ఉప్పునీటితో నింపి, క్రిందినుండి ప్రేగులోనికి గాలి పంపి చూతుము. బుడగ లేచినచో అచ్చటనే మరల కుట్టుదుము, లేదా అతుకును తిరిగి వేయుదుము. ఇటీవల ఇండోసయనిన్ గ్రీన్ అను రంగును సిరలోనికి ఎక్కించి, నెత్తురు ఎంతవరకు అందుచున్నదో ప్రత్యేకపు కెమెరాతో చూచుట వచ్చినది. అది కారుటను ఎంత తగ్గించునో అను విషయమున పరిశోధనల ఫలితములు ఇంకను ఒక్కత్రోవన లేవు.

ఇక మనవారు ఎక్కువగా వెనుకాడు సంగతి. అతుకు బాగా దిగువన ఉన్నప్పుడు చిన్నప్రేగును పొట్టమీదికి తెచ్చి, మలము సంచిలోనికి పోవునట్లు కొన్నాళ్లు దారి మళ్లింతుము. ‘‘పొట్టమీద సంచియా! నలుగురిలో తలయెత్తుకొనుట యెట్లు?’’ అని సంతకము పెట్టక లేచిపోయినవారు కలరు. స్వీడన్‌లో 234 మంది మలాశయపు క్యాన్సరు రోగులపై జరిపిన పరిశోధన 2007లో వెలువడినది. సంచి పెట్టినవారిలో నూటికి 10 మందికి, పెట్టనివారిలో నూటికి 28 మందికి అతుకు కారి బాధ కలిగినది. సంచివలన నీరు, ఉప్పు ఎక్కువగా పోవుట నిజమే. వానిని నోటిద్వారా తిరిగి ఇచ్చుచుండవలెను. అతుకు మానినదని పరీక్షించి, సాధారణముగా కొన్ని నెలలలో ప్రేగును మరల లోనికి పంపుదుము. కొన్ని నెలల సిగ్గు పెద్దదా, ప్రాణము పెద్దదా?

ఇప్పుడు మీ సగము. బీడీలు చుట్టి పొట్టపోసుకొను ఇండ్లు మనలో అనేకము. చుట్టుట బ్రతుకుతెరువు, కాల్చుట అతుకుకు చేటు. పొగ సన్నని నెత్తురు గొట్టములను ముడుచుకొనజేయును. కోతకు కనీసము నాలుగు వారముల ముందే మానవలెను. సారాయియు అట్టిదే. ఉబ్బసమునకో కీళ్ల నొప్పులకో స్టెరాయిడు మాత్రలు మ్రింగుచున్నచో దాచక చెప్పుడు. రక్తము తక్కువైనవారు, చిక్కిపోయినవారు వ్యవధి ఉన్నంతలో పప్పు, గ్రుడ్డు, పాలు తిని బలము కూర్చుకొనవలెను.

కోత తరువాత మొదటి మూడునాలుగు దినములు అతుకు బలహీనముగా నుండును. పాత పీచు కరుగుచుండును, క్రొత్తది ఇంకను పూర్తిగా అల్లుకొనదు. కారుట తరచుగా ఆ మొదటి వారముననే బయటపడును. జ్వరము, వేగముగా కొట్టుకొను నాడి, ఆయాసము, తగ్గినట్టే తగ్గి మరల పెరిగిన నొప్పి, ఉబ్బిన కడుపు — ఇవి గుర్తులు. తొందరగా పట్టినచో మందులతోనో, చీమును గొట్టముద్వారా తీసియో, మరల కోసియో చాలమందిని నిలుపగలము. ఇంటికి వచ్చిన తరువాత కనబడినను తెల్లవారనిమ్మని ఆగరాదు.

ఇచ్చటనే మన ప్రవాసపు కష్టము అడ్డము వచ్చుచున్నది. తెలుగు తప్ప ఎరుగని అవ్వ రాత్రి రెండు గంటలకు ‘‘కడుపు బిగదీసిందమ్మా’’ అనును. మరాఠీ నర్సమ్మ నవ్వి దుప్పటి సవరించి పోవును. ఆ నర్సమ్మ తప్పు లేదు, అవ్వ తప్పును లేదు. నడుమ మాట తెలిసిన మనిషి లేడు, అంతే. కావున మన సంఘమువారికి మేము చేయు మనవి ఒక్కటే: రెండు భాషలు వచ్చిన యువతీ యువకులు కొందరు, కోత జరిగిన మనవారియొద్ద మొదటి వారము రాత్రులు వంతులవారీగా కూర్చుండవలెను. ఒప్పుదల కాగితమును కూడ వారు తెలుగులో చదివి వినిపింపవలెను. దీనికి విరాళము అక్కరలేదు, నిద్ర కొంచెము మానుకొన్న చాలును.