చావింట్లో మనం అనే మాటలు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, చల్లపల్లి మండలం నుంచి ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)

నేను పదో తరగతి వరకే చదివాను. మాటలో తప్పులుంటే సర్దుకోండి. పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి సంగతులు ముందు మాట్లాడిన అక్కలు చెప్పారు. నన్ను సామాజిక అంశం మీద మాట్లాడమన్నారు. మా గ్రామ సంఘంలో జరిగింది చెబుతాను. ఇద్దరు తల్లులకూ చెప్పి, ఒప్పుకున్నాకే చెబుతున్నాను. పేర్లు మాత్రం చెప్పను.

మా సంఘంలో ఒక అక్కకి ఇద్దరు కొడుకులు. భర్త లేడు. పెద్దోడు చేపల చెరువు మీద కాపలా పనికి పోయేవాడు. చిన్నోడిని ఐటీఐ చదివించేది వాడే. చెరువు దగ్గర డబ్బుల విషయంలో గొడవై పెద్దోడి తల మీద కొట్టారు. మూడో రోజు ఆసుపత్రిలో చనిపోయాడు. కొట్టినవాడిని పోలీసులు పట్టుకెళ్ళారు. కొన్నాళ్ళకి బెయిలు మీద వచ్చి ఊళ్ళోనే తిరుగుతున్నాడు.

పెద్దకర్మ రోజు మా సంఘం వాళ్ళం అందరం వెళ్ళాం. ఏడ్చాం. ఏడుస్తూ ఏమన్నాం? "నిన్ను పొట్టన పెట్టుకున్నోళ్ళు కాలు మీద కాలేసుకుని తిరుగుతున్నార్రా నాయనా" అని ఒకరు. "మగ దిక్కు ఉండి ఏం లాభం" అని ఇంకొకరు. చిన్నోడు మూల నిలబడి వింటున్నాడు. వాడికి పందొమ్మిదేళ్ళు.

నాలుగు నెలలకి వాడు ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని రాడ్డు పట్టుకుని వెళ్ళాడు. చంపినవాడు దొరకలేదు. వాడి తమ్ముడు దొరికాడు. ఆ తమ్ముడికి గొడవతో సంబంధమే లేదు. చెయ్యి విరిగింది, కాలు విరిగింది. ప్రాణం దక్కింది. మావాడి మీద హత్యాయత్నం కేసు పెట్టి రిమాండుకి పంపారు.

ఇప్పుడు మా అక్క రెండు కేసులకి కోర్టుకి పోతుంది. ఒక వాయిదాకి చచ్చిపోయిన కొడుకు తల్లిగా, ఇంకో వాయిదాకి ముద్దాయి తల్లిగా. ఒక కేసులో శిక్ష పడాలని దణ్ణం పెట్టుకుంటుంది, ఇంకో కేసులో పడకూడదని. రెండిటికీ చార్జీలు ఆమే పెట్టుకోవాలి. పని కూడా రెండు రోజులు పోతుంది.

పిల్లోడు బెయిలు మీద వచ్చాక చూద్దామని వెళ్ళాను. "ఎందుకు చేశావురా, అమ్మ మొహం గుర్తుకు రాలేదా?" అన్నాను. వాడు తల ఎత్తకుండా, "నువ్వే కదా పిన్నీ అన్నావు, మీ అన్నే బతికుండి నీకిట్లా జరిగితే ఊరుకునేవాడా అని" అన్నాడు.

అన్నాను. పెద్దకర్మ రోజు ఏడుస్తూ వాడి భుజం పట్టుకుని ఆ మాట నేనే అన్నాను. తర్వాత మర్చిపోయాను కూడా. వాడు మర్చిపోలేదు. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

వాడు చేసింది తప్పు కాదని నేను అనటం లేదు. దుఃఖం ఉంది కాబట్టి ఎవరినైనా కొట్టొచ్చు అంటే ఊళ్ళు మిగలవు. శిక్ష పడితే పడాల్సిందే. కానీ వాడు పుట్టు దొంగ కాదు, రౌడీ కాదు. అన్న మీద ప్రేమ ఉన్న పిల్లోడు. ఆ ప్రేమకి కొట్టటం ఒక్కటే దారి అని వాడికి ఎవరు చెప్పారు? అదే నా ప్రశ్న.

మా అమ్మమ్మది కోడూరు వైపు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. నా చిన్నప్పుడు సముద్రాన్ని తిడుతూ ఉండేది. తిట్టి తిట్టి ఊరుకుని మళ్ళీ పనిలో పడేది. సముద్రం మీదకి ఎవరూ కత్తి పట్టుకుని పోలేరు. మనిషిని మనిషి చంపినప్పుడు అలా కాదు. ఫలానావాడు అని పేరుంటుంది, ఇల్లు తెలుస్తుంది. ఏడుపు ఆ ఇంటి వైపు తిరుగుతుంది.

సరిగ్గా ఇరవై ఏళ్ళకి, 1997లో, అదే నవంబరు 19న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో కారు బాంబు పేలింది. దాని వెనక కథ మన పిల్లలు సినిమాగా చూశారు. అనంతపురం జిల్లాలో 1975లో పరిటాల శ్రీరాములు గారిని చంపారు. అప్పటికి ఆయన కొడుకు రవి గారు కుర్రవాడు. అవతల గంగుల నారాయణరెడ్డి గారిని కూడా చంపారు. ఆయన కొడుకే మద్దెలచెరువు సూరి. 1993లో సూరి ఇంట్లో టీవీలో పెట్టిన బాంబు పేలి ఇంట్లోవాళ్ళు చనిపోయారు. 1997 కారు బాంబు రవి గారి కోసం పెట్టింది. ఆయన బతికారు, 26 మంది పోయారు. అందులో వార్తల కోసం వచ్చిన టీవీ వాళ్ళున్నారు. వాళ్ళకి ఈ పగతో ఏం సంబంధం? మా ఊళ్ళో కాలు విరిగిన పిల్లోడికి ఏం సంబంధమో అంతే. ఆ కేసులో సూరికి యావజ్జీవ శిక్ష పడింది.

2005 జనవరి 24న అనంతపురంలో రవి గారిని చంపారు. చంపానని చెప్పుకున్న మొద్దు శీను, బావ కళ్ళల్లో ఆనందం చూడటానికి చేశానని టీవీలో అన్నాడు. బావ అంటే సూరి. ఆ మాటని మనం ఊళ్ళల్లో నవ్వులాటకి వాడుకున్నాం. కానీ ఆలోచించండి, మన ఇళ్ళల్లో పిల్లోడు కూడా అమ్మ కళ్ళల్లోకే చూస్తాడు. 2008లో శీనుని జైల్లోనే తోటి ఖైదీ చంపాడు. 2011 జనవరి 3న సూరిని హైదరాబాదులో కారులోనే కాల్చి చంపారు. ఆ కేసులో శిక్ష పడింది ఆయన పక్కనే తిరిగిన మనిషికి. రెండు ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళే మిగిలి సంసారాలు ఈదుకున్నారు.

అది సీమ సంగతి, మనకెందుకు అనుకోకండి. విజయవాడలో 1988 డిసెంబరు కర్ఫ్యూ సంగతి మన పెద్దవాళ్ళకి తెలుసు. అన్న పోయాడని తమ్ముడు, తమ్ముడు పోయాడని ఇంకో అన్న. నేను పేర్లు ఎత్తను. రెండు వైపుల అభిమానులూ ఈ సభలో ఉన్నారు.

మళ్ళీ మా ఊరికి వస్తాను. దెబ్బలు తిన్న పిల్లోడి తల్లి కూడా మా గ్రామ సంఘంలోనే, వేరే గ్రూపులో సభ్యురాలు. నెలనెలా ఇద్దరూ ఒకే పట్టా మీద కూర్చోవాలి. మొదటి నెల ఇద్దరూ రాలేదు. రెండో నెల వచ్చి మొహాలు చూసుకోలేదు. మూడో నెల ఆమె లేచి, "మా పెద్దోడు చేసినదానికి నేను తల వంచుకుంటానక్కా. మా చిన్నోడు ఏం చేశాడు?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. మా అక్క లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. అంతే జరిగింది. ఇద్దరూ కలిసిపోయారని నేను చెప్పను. కేసులు నడుస్తున్నాయి. రాజీ చెయ్యటం మా పని కాదు.

అప్పు దగ్గరా గొడవైంది. మా అక్క మూడు కిస్తీలు కట్టలేదు. "కేసులున్న ఇంటికి ఇక అప్పు ఇవ్వొద్దు" అని కొందరు అన్నారు. వాళ్ళ భయం తప్పు కాదు, గ్రూపుకి చెడ్డపేరు వస్తే లింకేజీ ఆగుతుంది. కానీ ఆమె బాకీ పడింది తాగుడుకో జల్సాకో కాదు. పొదుపులోంచి సర్దాం, ఆమె నెలనెలా కొంత తిరిగి కడుతోంది. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాశాం.

ఇంకా కొన్ని తీర్మానాలు చేసుకున్నాం. మీరూ ఆలోచించండి.

ఒకటి, అలాంటి చావు జరిగిన ఇంటికి వెళ్ళినప్పుడు పగ మాట అనకూడదు. ఎవరైనా అంటే పక్కనున్నవాళ్ళు ఆపాలి. ఏడవొద్దని కాదు. పోయినవాడి మంచి చెప్పుకుని ఏడుద్దాం.

రెండు, ఆ ఇంట్లో మిగిలిన పిల్లల్ని పదకొండు రోజులతో వదిలెయ్యకూడదు. ఏడాది పాటు ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. చదువు ఆగకుండా, పని దొరికేలా చూడాలి. పిల్లోడు రాత్రిళ్ళు ఎక్కడికి పోతున్నాడో తల్లికి ఒంటరిగా తెలియదు, పదిమందికి తెలుస్తుంది.

మూడు, కోర్టు పనికి తోడు వెళ్ళాలి. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని పెడతారు. మచిలీపట్నంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఫోను నంబరు 15100. హత్య జరిగిన కుటుంబానికి నష్టపరిహారం అడిగే దారి కూడా అక్కడే చెబుతారు. ఇది ముందే తెలిసుంటే, చట్టం మనకోసం కదులుతోందని ఆ పిల్లోడికి కాస్త నమ్మకం ఉండేదేమో.

పోయిన నెల వాడు మళ్ళీ ఐటీఐకి వెళ్తున్నాడు. కేసు ఏమవుతుందో దేవుడికి తెలియాలి. వాడికి నేను చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. మొన్న వెళ్ళి చెప్పాను. "ఆ రోజు నేనన్నది తప్పురా బాబూ. మీ అన్న బతికుంటే నువ్వు చదువుకోవాలనే చూసేవాడు" అన్నాను. వాడు ఏడ్చాడు. అన్న పోయిన రోజు కూడా వాడు అంత ఏడవలేదు.