లేని దుర్గంధము

తన మేనినుండి దుర్గంధము వచ్చుచున్నదని నమ్మి, దినమునకు నాలుగు మారులు స్నానమాడుచు, పెండ్లిపందిళ్లకు దూరమైన యువకుని నేనెఱుగుదును. ఎవరు ముక్కు తుడుచుకొన్నను తన మూలముననే యని కుమిలెడివాడు. "వాసన లేదు నాయనా" యని నేను నూఱు మారులు చెప్పితిని. ఆ యూరట గడియసేపును నిలువలేదు.

ఇది దొంగవేషము కాదు, గ్రహబాధయు కాదు, మనోవ్యాధి. 1971వ సంవత్సరమున ప్రైస్ ఫిలిప్స్ అను వైద్యుడు దీనిని వేఱుగా గుర్తించి వర్ణించెను.

మొదట పండ్లను, చర్మమును వైద్యునిచే పరీక్షింపజేయవలెను. లోపము లేదని తేలిన పిదప మానసిక వైద్యుడు అవసరమైన మందులిచ్చుచు, మాటిమాటికి కడుగుకొనుటయు వాసన చూచుకొనుటయు తగ్గింపజేసి, కొంచెము కొంచెముగా జనులలో మెలగుట నభ్యసింపజేయును. జపానులో మొరిటా షోమా యను వైద్యుడు 1919 ప్రాంతముననే, జనభీతి గలవారికి, భయము పోవువఱకు వేచియుండక దానితోడనే పనిచేయుట నేర్పెను.

పెద్దలారా! ఇట్టివారితో వాదింపకుడు, పరిహసింపకుడు. వారి దుఃఖము నిజమని యొప్పుకొని చికిత్సకు తోడు పొండు. చచ్చెదనన్న మాటను తేలికగా గొనకుడు.

చికిత్స పొందిన ఆ యువకుడు మొన్న సంక్రాంతికి బంతిలో నా సరసనే కూర్చుండెను. భయమింకను కలదట, అయినను విస్తరి విడిచి లేచిపోలేదు.