పట్నపు మురుగు – పల్లె పొలము

పంచాయతీ సభ్యులారా! హైదరాబాదు మురుగు పంపులతో మనకేమి పని యని కొందరడుగవచ్చును. మూసీ దిగువ గ్రామములవారు అట్లడుగరు. ఆ నీరే వారి కాలువలలో పారి వరిని, పశుగ్రాసమును పండించుచున్నది. మడిలో దిగినవారి కాళ్ళకు దురదలు తెచ్చుచున్నదియు అదియే.

మురుగు పల్లమునకు తనంతట పారును. పల్లపు పేటలలో మాత్రము దానిని గోతిలో చేర్చి, పంపులతో ఎగువ గొట్టమునకు ఎత్తవలెను. కరెంటు పోయినను, గుడ్డపీలికలు (ఇవి నగరవాసుల పుణ్యమే) పంపు రెక్కలకు చుట్టుకొన్నను, గోయి పొంగి మురుగు నాలాల గుండ మూసీలో పడును. అంబరుపేట కేంద్రము దినమునకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేయగలదు. తనను చేరని మురుగును అదేమి చేయును? కనుక పాత పంపులను మార్చునపుడు ఇనుప జాలీలు, అదనపు పంపు, జనరేటరు తప్పక ఉండవలెనని మేము చెప్పుచున్నాము. కాలువ నీటి రంగు, వాసన మారినచో తేదీ వేసి, తీర్మానముతో కాలుష్య నియంత్రణ మండలికి వ్రాయుడు.