దాత అడిగినా కాదనండి



ఈ రోజు సోషల్ వర్క్ పట్టాలు అందుకున్న మీకు హైదరాబాద్‌లోని నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల పక్కనున్న బస్తీలు కొత్త కాదు. పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుటుంబాలవి. తల్లీతండ్రీ షిఫ్టుకు వెళ్తే పిల్లలను కనిపెట్టుకుని ఉండే పెద్దదిక్కు ఉండదు. సాయంత్రం ట్యూషన్ చెప్పే సంస్థో, హాస్టల్ నడిపే ట్రస్టో ఆ లోటు తీరుస్తుంది. ఆ తల్లి మన రికార్డులు తనిఖీ చేయదు. బోర్డు చూసి, మన మాట విని నమ్ముతుంది. రేపటి నుంచి ఆ నమ్మకానికి జవాబుదారీ మీరే.

అందుకే ఇంత సంతోష సమయంలోనూ ఒక చేదు సంగతి చెప్పక తప్పడం లేదు. 2020లో నగరానికి అటు చివర, అమీన్‌పూర్‌లో, ఒక అనాథాశ్రమంలో పెరిగిన పద్నాలుగేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమెపై అత్యాచారం చేశాడన్న ఆరోపణపై పోలీసులు అరెస్టు చేసింది ఎవరినో కాదు, ఆ ఆశ్రమానికి విరాళాలిచ్చే దాతను. నిర్వాహకురాలినీ అరెస్టు చేశారు. అంతకు రెండేళ్ల ముందు బిహార్‌లోని ముజఫర్‌పూర్ ఆశ్రయగృహంలో బాలికలు పడుతున్న నరకం లోకానికి తెలిసింది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం చేసిన సోషల్ ఆడిట్ వల్ల. ఆ బృందం పిల్లలు చెప్పింది విన్నది, విన్నది దాచకుండా రాసింది. ఆ గృహాన్ని నడిపినవాడికి 2020లో ఢిల్లీ కోర్టు యావజ్జీవ శిక్ష విధించింది. మీ చదువుకు ఉన్న శక్తి అది.

"సేవ చేసేవాళ్లను అనుమానిస్తారా?" అని మిమ్మల్ని నిలదీస్తారు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ఆ మొహమాటం పెట్టుకోలేదు. పిల్లలకు సేవలందించే సంస్థ యజమాని గానీ, సిబ్బంది గానీ నేరం చేస్తే దాన్ని మరింత తీవ్రమైనదిగా లెక్కించింది. 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. 'పరువు పోతుంది, ముందు మనలో మనం విచారించుకుందాం' అనడానికి వీల్లేదు. కింది ఉద్యోగి నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు. మంచి ఉద్దేశంతో సమాచారమిచ్చిన మీకు మాత్రం అదే చట్టం రక్షణ ఇస్తుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మామూలు రోజుల్లో, అందరి కళ్లముందే జరిగేది. పుట్టినరోజుకు కేకు తెచ్చిన దాత పక్కన పిల్లలను వరుసగా నిలబెట్టి, పాట పాడించి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతారు. ఆశ్రయంలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచండి. అన్నం పెట్టినవాళ్లు ఏమడిగినా నవ్వుతూ చేయాలని రోజూ నేర్పితే, చేయి పడకూడని చోట పడిన రోజున ఆ బిడ్డకు 'వద్దు' అనే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి ఎంత పెద్ద దాతయినా పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. పాతికేళ్లుగా పనిచేస్తున్న వార్డెన్ అయినా సరే, మీరైనా సరే.

ఉద్యోగంలో చేరిన రోజే బాలల రక్షణ నియమావళి చూపించమని అడగండి. లేకపోతే పట్టుబట్టి రాయించండి. తెలుగులో, హిందీలో, ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా రాయించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఆఫీసు గదిలో కాదు, పిల్లలు పడుకునే గదిలో, వాళ్ల కంటికి అందే ఎత్తులో ఉండాలి. పిల్లలు ఆ నంబరుకు చేయడానికి ఒక ఫోనూ అందుబాటులో పెట్టించండి.