పాత మోటారు రేడియోల జీర్ణోద్ధరణము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున మోటారుబండి రేడియో ముచ్చట యేలయని మీలో కొందరికి తోచవచ్చును. పాతదానిని బాగుచేయునపుడు దాని స్వరూపము చెడకుండ కాపాడుట యెట్లు అన్నదే నా విషయము. గ్రంథమునకైనను యంత్రమునకైనను ఆ ధర్మము ఒక్కటియే.

రేడియో మోటారుబండికి తోబుట్టువు కాదు. తరువాత వచ్చి చేరిన చుట్టము. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించిన 1912 నాటి పసుపువన్నె రోల్స్ రాయిస్ బండి హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నేటికిని ఉన్నది. అది పుట్టిననాటికి బండి రేడియో అంగడికి రాలేదు. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లో మోటరోలా పేర బండి రేడియోను అమ్మకమునకు తెచ్చిరి. జర్మనీలో బ్లౌపుంక్ట్ వారు 1932లో తెచ్చిరి. మన దక్కన్ రేడియో 1935లో నిజాము ప్రభుత్వపు ప్రసారశాలగా నడువసాగి, 1950లో ఆల్ ఇండియా రేడియోలో కలిసెను. కావున 1912 నాటి బండికి రేడియో తగిలించుట నన్నయ పద్యమున రైలుబండిని దూర్చుట వంటిది. బిగించువాడు మొదట బండి యేటిని, పెట్టె యేటిని సరిచూడవలెను.

ఆనాటి పెట్టెలు వాల్వులతో నడిచెడివి. బండి బ్యాటరీ యిచ్చునది 6 లేక 12 వోల్టులు. వాల్వులు కోరునది ఇంచుమించు 200 వోల్టులు. ఈ లోటు పూడ్చుటకు వైబ్రేటరు అను చిన్న పరికరమును అమర్చిరి. అందలి సన్నని రేకు సెకనుకు సుమారు నూరుమార్లు కొట్టుకొనుచు కరెంటును తెంచి కలుపును. దానిని ట్రాన్స్‌ఫార్మరు హెచ్చించును. రెక్టిఫయరు ఒకే దిక్కునకు మరల్చును. పాత పెట్టెను తిప్పిన వెంటనే వినబడు తుమ్మెద రొద ఆ రేకుదే.

ఏండ్ల తరబడి మూలబడిన పెట్టెను తెచ్చిన వెంటనే బ్యాటరీకి కలుపరాదు. లోపలి కాగితపు కండెన్సర్లు కారుచుండును. పెద్దవి ఎండిపోయి యుండును. అవి ఉండగా కరెంటు ఎక్కించినచో ట్రాన్స్‌ఫార్మరు కాలును. కండెన్సర్లను మార్చి, వైబ్రేటరు మొనలకు పట్టిన మసిని తుడిచి, అటుపిమ్మట పరీక్షింపవలెను. వాల్వులను తొందరపడి పారవేయకుడు, పెక్కింటికి ప్రాణముండును.

ఇక బిగించుట. పాత ఇంగ్లీషు బండ్లు చాలవాటిలో బ్యాటరీ ధనాగ్రమును బండి చట్రమునకు కలిపెడివారు. అది చూడక తీగలు కలిపినచో పెట్టె చెడును. ఇంజను నిప్పురవ్వలవలన పుట్టు చిటపటలు అణగుటకు ప్లగ్గు తీగలలో నిరోధకములను, డైనమో వద్ద కండెన్సరును ఉంచవలెను. బోల్టు క్రింద రంగు గీకి, పెట్టె లోహము చట్రపు లోహమును తాకునట్లు చేయవలెను. తీగలో ఫ్యూజు మరువరాదు. క్రొత్తగా తొలులు చేయక, ఉన్న రంధ్రములతోనే సరిపెట్టుట మేలు.

నేడు కొందరు లోపలి సరంజామానంతయు తీసి పారవేసి, పాత డొక్కలో క్రొత్త యంత్రమునిడి, సెల్‌ఫోను పాటలు వినుచున్నారు. వినుటకే గదా రేడియో యని వారి వాదము. అందు నిజము లేకపోలేదు. కాని పారవేసినది మరల రాదు. ఫోను పాటలు కావలెనన్న, కోరినపుడు ఊడదీయదగిన అమరిక చేసికొనవచ్చును. దానికి పెట్టె ప్రాణము తీయనక్కరలేదు.

భారతమున నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించెను. నన్నయ నడకనే పట్టెను; నన్నయ ప్రభువగు రాజరాజనరేంద్రునికే దానిని అంకితముగా నడపెను. అతుకు కనబడదు, అయినను ఎచ్చట ఒకరు ముగించిరో, ఎచ్చట ఇంకొకరు మొదలిడిరో చదువరులు ఎఱుగుదురు. మంచి మెకానిక్కు చేయునదియు ఇదియే. పాత కండెన్సరు కాగితపు గొట్టములోనే క్రొత్తదానిని దూర్చి మైనముతో మూయును. కాని తీసినదేదో, వేసినదేదో, ఏనాడో ఒక చీటిపై వ్రాసి పెట్టెలో ఉంచును. లెక్కలు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను: జమాఖర్చు లేని మరమ్మతు నమ్మదగినది కాదు.

సూర్యాపేట–జనగామ త్రోవపై నున్న మన తిరుమలగిరి మీదుగా ఎన్నో బండ్లు పోయినవి. వాల్వు పెట్టె విప్పి బాగుచేయగల ముసలి మెకానిక్కులు అరుదైపోవుచున్నారు. వారి విద్య కాగితమునకు ఎక్కలేదు. యువకులారా, మీరెఱిగినవారు చెప్పినది వ్రాసి మన గ్రంథాలయమున చేర్చుడు. 1980ల వరకు రేడియోకు తపాలా కచేరీలో లైసెన్సు రుసుము కట్టెడివారు. ఆ లైసెన్సు పుస్తకము గాని, పెట్టెతో వచ్చిన తీగల పటము గాని మీ ఇండ్ల అటకలపై ఉన్నచో పొయ్యిలో వేయకుడు; ఇచ్చటికి తెండు. రేపు పెట్టె విప్పువానికి అవియే దారి చూపును.