అడిగే ముందు కూర్చోవాలి

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నేను ఎం.ఏ.లో మానవ శాస్త్రం తీసుకున్నానని తెలిసి మా సోషల్ మాస్టారు, "అది చదివితే ఏం వస్తుందిరా?" అని అడిగారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఈరోజు ఆయన ముందు వరసలోనే ఉన్నారు కనుక ఆ బాకీ తీర్చుకుంటాను.

మా శాస్త్రానికి ప్రయోగశాల ఊరే. వెళ్ళి, జనం మధ్య ఉండి, చూసింది, విన్నది రాసుకోవాలి. మన గడ్డకు ఇది కొత్త కాదు. హైమెండార్ఫ్ 1940లలో నల్లమల చెంచుల మధ్య, ఆదిలాబాదు గోండుల మధ్య ఉండి పుస్తకాలు రాశారు. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట గురించి రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో వచ్చింది. ఇవన్నీ చదివి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాను. పని మాత్రం రాలేదు.

రెండో ఏడు నన్ను గుంటూరు వైపు ఒక మిరప ఊరికి పంపారు. బడి మానేసిన పిల్లల గురించి తెలుసుకోవాలి. 40 ప్రశ్నల కాగితం పట్టుకుని మూడు రోజుల్లో 30 ఇళ్ళు తిరిగాను. "మీ పాప బడి ఎందుకు మానేసింది?" అంటే, ఏ ఇంట్లోనైనా ఒకటే మాట: "చదువు అబ్బలేదండి."

మా ప్రొఫెసర్ ఆ కాగితాలు తిరగేసి, "బాగా నింపావు. ఎవరింటి అరుగు మీదైనా కాసేపు కూర్చున్నావా?" అన్నారు.

మళ్ళీ వెళ్ళి, వాళ్ళతోపాటు కోతకు దిగాను. చేతులు మండిపోయేవి. ఐదో రోజు కల్లంలో తాలుకాయలు ఏరుతూ ఒకామె తనంతట తనే అంది: "అబ్బకపోవడమేంటి బాబూ, మా పిల్ల క్లాసులో ఫస్టు. కోతలకు ముందే డబ్బు తెచ్చుకున్నాం. అది తీరాలంటే ఇద్దరి కూలి చాలదు."

"మరి ఆ రోజు చెప్పలేదేమమ్మా?"

"కాగితం పట్టుకొచ్చావు. ఏ ఆఫీసు మనిషివో అనుకున్నాం."

ఇక్కడితో ఆపితే నాకు చప్పట్లు కొడతారు. కానీ మిగతాది కూడా చెప్పాలి.

ఆ మాటలు సెమినార్లో గొప్పగా చదివాను. పేరు మార్చాను గాని, ఊరి చివర రేకుల ఇల్లనీ, ముగ్గురు ఆడపిల్లలనీ చెప్పేశాను. విన్నవాళ్ళలో పక్క ఊరి అబ్బాయి ఉన్నాడు. మాట డబ్బిచ్చిన రైతు దాకా వెళ్ళింది. మరుసటి ఏడు ఆయన వాళ్ళను కోతకు పిలవలేదు. నేను వెళ్తే ఆమె కూర్చోమనలేదు. "నీకు చెబితే ఊరందరికీ చెప్పావా బాబూ?" అంది. క్షమించమన్నాను. సిద్ధాంత వ్యాసంలోంచి ఆ భాగం తీసేశాను. పోయిన కూలి మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు డిగ్రీ కాలేజీలో ఈ పాఠమే చెబుతున్నాను. ఎందుకు వచ్చావో ముందే చెప్పు. ఒప్పుకుంటేనే రాయి. ఏ రోజుది ఆ రాత్రే రాయి. కళ్ళతో చూసింది ఒక పక్క, నీకు అనిపించింది ఇంకో పక్క రాయి. పేరు మారిస్తే మనిషి దాగడు, ఇల్లూ వాకిలీ కూడా పట్టిస్తాయి. రాసింది వాళ్ళకు చదివి వినిపించు. వద్దంటే కొట్టెయ్.

మాస్టారూ, ఆ చదువు వల్ల నాకు వచ్చింది ఇదీ. మొదటి జవాబును నమ్మకపోవడం, రెండో జవాబును కాపాడడం.

తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునే అబ్బాయి సంక్రాంతి సెలవుల తర్వాత రాలేదు. చదువు అబ్బలేదని అందరం అనుకున్నాం, నేనూ అనుకున్నాను. ఈ సంచికలోని ఫొటోల్లో అతను లేడు. ఇక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉంటున్నాడని నిన్ననే తెలిసింది. రేపు ఉదయం వెళ్తున్నాను. మా బ్యాచ్ వాళ్ళెవరైనా వస్తానంటే రండి. కాగితం, కలం మాత్రం తీసుకురావద్దు.

సెలవు.