కుంఫిణీ సిపాయి కోటు



మన నాటక సమాజమువారు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చరిత్రను ఆడ నిశ్చయించినపుడు, కథానాయకుని తలపాగకును ఖడ్గమునకును చందాలు వెంటనే వచ్చినవి. కుంఫిణీ సిపాయిల ఉడుపుల మాట వచ్చునప్పటికి, పోలీసు ఖాకీలు అద్దెకు తెచ్చిన చాలునని పలువురు పలికిరి. అది కూడదని నేనేల పట్టుబట్టితినో, ఆ కోట్లు ఎట్లు కుట్టించితిమో మనవి చేయుదును.

నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై పడినది 1846 జూలైలో. పట్టుబడినది అక్టోబరు 6న. ఉరితీయబడినది 1847 ఫిబ్రవరి 22న. ఖాకీనో, 1846 డిసెంబరులో ఎక్కడో పెషావరున కూర్చబడిన గైడ్సు దళము మొదట తొడిగినది; 1857 తరువాతనే తక్కిన సేనలకు ప్రాకినది. ఆ కాలపు మద్రాసు కాలిబంటు ఎఱ్ఱకోటువాడు. వీరుని వస్త్రపు రంగు చిన్న విషయమా? విరాటపర్వమున ఉత్తర తన బొమ్మలకై కురువీరుల వస్త్రములు తెమ్మని బృహన్నలను కోరలేదా!

ఆ కోటు ముందు నడుమువరకే; వెనుక రెండు పొట్టి తోకలు. మెడపట్టీ నిటారుగా నిలువవలయును. మా దర్జీ దానిని చొక్కా కాలరువలె మడిచెను, విప్పించితిమి. రెండు పొరల బక్రము పెట్టిన పిదపనే నిలిచినది. అసలు కోటు సీమనుండి వచ్చిన ఉన్నిబట్ట. మన యెండకును, మన సంచికిని ఎఱ్ఱని దళసరి నూలుబట్ట చాలును. కాని దానిని నీట నానబెట్టి, ఆరిన పిదపనే కత్తిరింపవలయును; లేనిచో ముడుచుకొనుటయే గాక తెల్లపట్టీలకు రంగంటును. కోటొకటికి మూడు గజములు, అస్తరునకు రెండు గజములు పట్టినవి. ఎదపై లోహపు గుండీలకు ఇరుప్రక్కల తెల్లని నాడాతో అడ్డగీతలు కుట్టవలయును. ఎదపై ఒకదానినొకటి దాటు రెండు పట్టీలకు మేము తోలు కొనలేదు. మంచపు నవారునకు సుద్ద పూసితిమి. నిజపు సిపాయియు తన తోలుపట్టీకి తెల్లసుద్ద పూసికొనెడివాడే. చంకలు మాత్రము బిగువుగా నుండవలయును. చేయి హాయిగా లేచినచో ఆ నటుడు సిపాయివలె నడువడు.

తలకు, ముందు రెక్కలేని నల్లని గట్టిటోపీ. అట్టను గుండ్రముగా చుట్టి నల్లగుడ్డ అంటించితిమి. ఈ తలకట్టు వెనుక నెత్తురు గలదు. 1806 జూలై 10న వేలూరు కోటలో మద్రాసు సిపాయిలు తిరుగబడుటకు కొత్త తలపాగ ఆజ్ఞ ముఖ్యకారణము. దానికి తోలు తురాయి. నొసట బొట్టు కూడదట, చెవిపోగులు తీయవలయునట. తిరుగుబాటును అణచిరి గాని ఆజ్ఞను రద్దుచేయక తప్పలేదు. గవర్నరు బెంటింకును వెనుకకు పిలిపించిరి.

కనుక ఆ కోటులోని మనిషి దొర కాడు. మన తెలుగువాడో, అరవవాడో, ముసల్మానో. బట్టల ఖర్చు తన జీతమునుండియే కోసికొనబడినవాడు. మన బనగానపల్లెయు 1832 నుండి 1848 వరకు నవాబు చేయిదాటి కుంఫిణీ నిర్వహణలో నుండినది. ఖాకీవాడు రంగమెక్కినచో పిల్లలు ఈలలు వేయుదురు. మా ప్రదర్శనమున ఎఱ్ఱకోటు సిపాయి మన సీమ యాసతోనే మాటాడుచు రెడ్డికి సంకెల వేసినపుడు ఒక్క ఈల లేచినది కాదు. ఆ వీరుని శిరస్సు 1877 వరకు కోవెలకుంట్ల కోటపై వ్రేలాడెనని సూత్రధారుడు చెప్పువరకు ఎవరును కదలలేదు.

ఈ పైకముతో పుస్తకములు కొనరాదా యని ఒక చందాదారుడు అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. ఊరి లెక్కలు వ్రాయువాడను గనుక రూఢిగా చెప్పుచున్నాను: గ్రంథాలయపు సొమ్ము ఒక్క పైసయు తాకలేదు, నాటక చందా వేరు, చిట్టా వేరు. కోట్లు ఆరును వేపాకుల నడుమ గ్రంథాలయపు పెట్టెలోనే యున్నవి. ఇరుగుపొరుగు గ్రామములవారు పుస్తకమువలెనే సంతకము చేసి కొనిపోవచ్చును. గుండీ ఊడినచో కుట్టించి తేవలయును. నవారుపట్టీలను మాత్రము ఉదుకరాదు, సుద్ద పూసిన చాలును.